బుల్లెట్ క్రాంక్ ఆట (లూజు) ఎంత ఉండాల? ఒకాయన బాగుందంటాడు, ఇంకొకాయన పోయిందంటాడు

హంద్రీ_ఒడ్డు
మా నాయన 1976లో కొన్న బుల్లెట్ 350. పదకొండేండ్లు కొట్టంలో గడ్డివాము పక్కన పడుండె. పోయిన సంక్రాంతికి బయటికి లాగినా. రెండు రోజులు కిక్కులు కొట్టి కొట్టి కాలు వాచినాక స్టార్ట్ అయింది. వీధంతా పొగ, మా అమ్మ తిట్లు, అది వేరే కథ.

సమస్య ఏందంటే, చల్లగా ఉన్నప్పుడు బాగనే ఉంటుంది. వేడెక్కేకొద్దీ కింద నుంచి బరువైన శబ్దం. ట్యాపెట్లు (వాల్వుల సందు) సరిచేసినా పోలేదు. ఇంజిన్ దించి, లోపల తిరిగే ఇరుసు (క్రాంక్) దాకా విప్పించినా. పాత బస్టాండు దగ్గర ఒక మేస్త్రీ కన్‌రాడ్ (పిస్టన్‌నూ క్రాంక్‌నూ కలిపే కడ్డీ) పట్టుకుని పైకీ కిందికీ గుంజి "ఆట లేదు, ఇంకో ఇరవై ఏండ్లు దున్నుకో" అన్నాడు. అదే క్రాంక్ ఇంకో మేస్త్రీ పక్కకు ఊపి "చూడు ఎట్ల ఆడుతుందో, కిట్టు పోయింది, మార్చాల్సిందే" అన్నాడు. కిట్టు అంటే రాడ్డు, పిన్ను, బేరింగు కలిపి వచ్చే సెట్టు. క్రాంక్ ఒకటే, తీర్పులు రెండు. ఇద్దరూ గేజీ అనేది ముట్టుకోలేదు.

నాకు కొలిచి తెలుసుకోవాలని ఉంది. ప్లాస్టిగేజ్ అని సందు కొలిచే మైనపు దారం ఉంటుందంట కదా, ఆన్‌లైన్‌లో తెప్పించినా. దాన్ని యాడ పెట్టాల, ఎట్ల పెట్టాల? సందు ఎంత ఉంటే మంచిది?

తాడిపత్రి_ఆరెక్స్
బుల్లెట్ అమ్మేసి యమహా ఆరెక్స్ 100 కొనుక్కో అన్నా. 98 సీసీ, 50 బోరు 50 స్ట్రోకు, క్రాంక్ చేతిలో పట్టుకుని సినిమాకు పోవచ్చు.

యెజ్డీ_ప్రొద్దుటూరు
పైనాయప్ప మాట వినొద్దు. ఆరెక్స్ ఇప్పుడు కొనాలంటే బుల్లెట్ అమ్మినా చాలదు.

రెండో మేస్త్రీ సంగతి చెప్తా. కన్‌రాడ్ పక్కకు, అంటే అది తిరిగే పిన్ను పొడుగునా, ఆడాల. ఆడకపోతేనే భయపడాల. రాడ్డుకూ దాని పక్కనుండే బరువైన చక్రానికీ (ఫ్లైవీలు) మధ్య ఆ సందు లేకపోతే ఆయిల్ యాడికెళ్లి పోతాది? దాన్ని ఫీలర్ గేజీ రేకులతో కొలుచుకుంటారు, అదేం రోగం కాదు. అరిగిందా లేదా చెప్పేది పైకీ కిందికీ ఆట. నా యెజ్డీ విప్పినప్పుడు నన్నూ ఇట్లనే బెదిరించినారు. పక్క ఆట చూపించి కొత్త కిట్టు అంటగట్టినారు. పాత పిన్ను ఇంటికి తెచ్చి మైక్రోమీటర్ పెడితే దానికి ఏ రోగమూ లేదు. ఇప్పుడది మా ఇంట్లో పేపర్లు ఎగిరిపోకుండా పెట్టుకుంటాం.

గుత్తి_ఫిట్టర్
గుత్తి డీజిల్ షెడ్డులో పని చేసి రిటైరైనాను. ప్లాస్టిగేజ్ గురించి ముందు చెప్తాను, బాబు డబ్బులు పెట్టి తెప్పించినాడు కాబట్టి.

అది రెండు ముక్కలుగా విడిపోయే షెల్ బేరింగులకు. కారు, ట్రాక్టరు, మోటారు సైకిళ్లలో అయితే పాత ట్రయంఫ్, బీఎస్‌ఏ ట్విన్లు. రాడ్డు కింద క్యాప్ విప్పి, నూనె తుడిచి, పిన్ను మీద ఆ మైనపు దారం ముక్క పొడుగునా పెట్టి, క్యాప్ మళ్లీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించాలి. క్రాంక్ వెంట్రుకంత కూడా తిప్పగూడదు. మళ్లీ విప్పితే దారం నలిగి చపాతీ అయి ఉంటుంది. కవరు మీద అచ్చేసిన స్కేలుతో దాని వెడల్పు చూస్తారు. ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. ఆకుపచ్చ దారం అయితే 0.025 నుంచి 0.076 మి.మీ. దాకా చూపిస్తుంది.

ఇప్పుడు మీ బుల్లెట్ కన్‌రాడ్ కింది భాగం చూడండి. క్యాప్ ఎక్కడుంది? బోల్టులు ఎక్కడున్నాయి? ఒకటే రింగు. పిన్ను ఊడదీస్తే గాని రాడ్డు రాదు. ఆ దారం లోపలికి ఎట్ల పోతుంది, ఎట్ల బయటికొస్తుంది? కాబట్టి ఆ కవరు అట్లే పెట్టుకోండి.

ఒక్క ప్రశ్న. శబ్దం ఎప్పుడొస్తుంది? యాక్సిలరేటర్ వదిలినప్పుడా, లోడు మీద లాగేటప్పుడా?

హంద్రీ_ఒడ్డు
అయ్యో. 600 రూపాయలు పోయె.

లోడు మీద సార్. నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు దాకా పోయినా ఒకసారి. పోయేటప్పుడు బాగుండె. వచ్చేటప్పుడు గుర్రుమని, చెవికంటే ఫుట్‌రెస్టు మీద కాళ్లకే ఎక్కువ తెలిసింది.

గుత్తి_ఫిట్టర్
అట్లయితే బిగ్ ఎండ్ (రాడ్డు కింది పెద్ద కన్ను) ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. బిగ్ ఎండ్ పోతే టకటకమని కొడుతుంది, యాక్సిలరేటర్ ఇచ్చీ వదిలీ చేసేటప్పుడు బాగా తెలుస్తుంది. కాళ్లకు తెలిసే గుర్రు ఎక్కువగా మెయిన్ బేరింగులది, అంటే క్రాంక్‌ను రెండు పక్కలా మోసేవాటిది. రెండూ చూడండి.

లేత్_అనంతపురం
నాకు క్లాక్ టవర్ దగ్గర లేత్ ఉంది. దినామూ బోరు మోటార్ల షాఫ్టులు, బుష్షులు. పంటలు ఎండే కాలంలో నిద్ర ఉండదు. బుల్లెట్ క్రాంకులు నెలకు రెండు మూడు వస్తాయి.

ఎవరూ ఏమీ అనుకోవద్దు గానీ చేతికి మించిన గేజీ లేదప్పా. ఇరవై ఏండ్లు చేసినోడు రాడ్డు పట్టుకుంటే ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు), అర థౌ చేతికే తెలుస్తాది. మొదటి మేస్త్రీ పైకీ కిందికీ గుంజి లేదన్నాడంటే లేదు.

యెజ్డీ_ప్రొద్దుటూరు
లేత్ అన్నా, చెయ్యి మోసం చేస్తాది. నా క్రాంకే సాక్ష్యం. నూనెతో ఉన్నప్పుడు రాడ్డు గుంజితే ఏం తెలీలే. పెట్రోలు పోసి కడిగి, గాలి కొట్టి ఆరబెట్టి మళ్లీ గుంజితే టిక్కుమనింది. ఆయిల్ పొర సందును నింపేస్తాది.

ఇంకోటి. చిన్న ఎండ్ (రాడ్డు పై కన్ను) పట్టుకుని పక్కకు వాల్చి చూస్తారు కదా కొందరు. కింద పిన్ను దగ్గర కొంచెం ఆట ఉంటే, రాడ్డు పొడుగును బట్టి పైన ఎనిమిది పది రెట్లు ఊగుతాది. టూ స్ట్రోకుల్లో ఆ ఊపుకు ఒక లెక్క ఉంది, డయల్ గేజీ (సూదితో ఆట చూపించేది) పెట్టి చూస్తారు. కానీ ఆ లెక్క తెలీకుండా కంటితో చూస్తే ఏ మంచి క్రాంకైనా పోయినట్టే కనిపిస్తాది. రెండో మేస్త్రీ పడింది అక్కడే.

లేత్_అనంతపురం
కడిగి చూడాల అనేది ఒప్పుకుంటా. అదెవరికి తెలీదు.

యెజ్డీ_ప్రొద్దుటూరు
మొదటి మేస్త్రీకి తెలీదు కదన్నా, అదే చెప్తాండా.

కడప_నల్లబండ
ఆగండాగండి. యెజ్డీకీ బుల్లెట్‌కూ ఒకే మంత్రం చదవద్దు.

యెజ్డీ బిగ్ ఎండ్‌లో రోలర్లు. దానికి పైకీ కిందికీ ఆట చేతికి తెలిసిందంటే పోయినట్టే లెక్క. పాత బుల్లెట్‌లో ఉండేది ఫ్లోటింగ్ బుష్షు, అంటే పిన్నుకూ రాడ్డుకూ మధ్య వదులుగా తిరిగే లోహపు రింగు. పిన్నుకూ బుష్షుకూ మధ్య ఒక సందు, బుష్షుకూ రాడ్డుకూ మధ్య ఇంకో సందు, రెండింట్లోనూ ప్రెషర్ ఆయిల్ తిరగాల. కడిగి ఆరబెట్టి గుంజితే రెండు సందులూ కలిసి చేతికి కొంచెం తెలుస్తాది, అది దాని పుట్టుక. ఆయిలు లేనప్పుడు కూడా రాయి మాదిరి బిగుసుకోనుంటేనే అనుమానపడాల, బుష్షు రాడ్డులోనో పిన్ను మీదనో పట్టేసి ఉంటాది. రాడ్డు పట్టుకుని లోపల బుష్షు వేలితో తిరుగుతుందా లేదా చూసుకో. దాన్ని ఫ్లోటింగ్ అనేదే అందుకు.

దీంట్లో నేను చెయ్యి కాల్చుకున్నా కాబట్టి చెప్తాండా. మూడేండ్ల కిందట నాది మొత్తం కొత్తగా కట్టించినా. కొత్త రాడ్డు, కొత్త పిన్ను, కొత్త బుష్షు, కొలతలన్నీ కాగితం మీద రాసి పెట్టుకున్నా, పెండ్లి జాతకం మాదిరి. 300 కిలోమీటర్లు కూడా తిరగలే, పులివెందుల దాటినాక టకటక మొదలు. విప్పితే బుష్షు నల్లగా మాడి ఉండాది. ఎందుకంటే టైమింగ్ కవర్‌లో (వాల్వుల గేర్ల మీది మూత) క్రాంక్ చివరకు ఆయిల్ పోయే చోట చిన్న కార్క్ వాషర్ ఉంటాది. కట్టిన పిల్లోడు పాతది పారేసి కొత్తది వేయడం మర్చిపోయినాడు. ఆయిలంతా పక్కకు కారిపోయి బిగ్ ఎండ్‌కు చుక్క పోలే. కొలతలు కరెక్టే, ఏం లాభం.

తాడిపత్రి_ఆరెక్స్
అందుకే టూ స్ట్రోక్ మంచిదన్నా. ఆయిలు పెట్రోల్లోనే కలుపుతాం. మర్చిపోతే బంకు దగ్గరే మర్చిపోతాం.

హంద్రీ_ఒడ్డు
నల్లబండ అన్నా, భయపెట్టినావు. నాది విప్పినప్పుడు ఆ వాషర్ రాయి మాదిరి గట్టిపడి ముక్కలుగా ఊడొచ్చింది. కొత్తది రాసిపెట్టుకున్నా.

మా పక్కింటి తమ్ముడు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడు. వాని దగ్గర మైక్రోమీటర్, డయల్ గేజీ దొరుకుతాయి. వీ బ్లాకులు (షాఫ్టు ఆనించే వీ గాడి దిమ్మలు) లేత్ షాపులో అడిగి తెస్తా. డయల్ యాడ పెట్టాల చెప్పండి. క్రాంక్ కేసింగ్‌లో ఉన్నట్టే పెట్టి చూడొచ్చా?

గుత్తి_ఫిట్టర్
కేసింగ్‌లో పెట్టి చూస్తే రాడ్డు ఆట, మెయిన్ బేరింగుల ఆట కలిసిపోయి ఒకే అంకె వస్తుంది. ఏది ఎవరిదో తెలీదు.

క్రాంక్ బయట వీ బ్లాకుల మీద పెట్టండి. డయల్ స్టాండు బల్ల మీద కాదు, ఫ్లైవీలుకే పట్టుకోవాలి. సూది రాడ్డు పెద్ద కన్ను మీద నిలువుగా ఆనాలి. సున్నా చేసి, రాడ్డును నిదానంగా పైకి ఎత్తి, కిందికి నొక్కి, రెండింటి తేడా రాసుకోండి. పిన్నుకు ఎదురు దిక్కులో ఇంకోసారి, అడ్డంగా ఇంకోసారి. అరుగుదల పిన్ను చుట్టూ సమానంగా ఉండదు, పేలుడు దెబ్బ పడే వైపే ఎక్కువ. ప్రతి దిక్కూ మూడు సార్లు చూడండి. మూడు సార్లూ ఒకటే రాకపోతే గేజీ పట్టిన చోటు కదులుతోందని అర్థం.

రాడ్డు మీద బలం పెట్టి గుంజొద్దు. సందు చూడమంటే రాడ్డు వంచి కొలిచిన ట్రైనీలను చూసినాను షెడ్డులో.

అంకె ఎంత ఉండాలి అంటే, మీ ఇంజిన్ నంబరుకు సరిపోయే మాన్యువల్‌లో ఉన్నదే అంకె. ఎవరో నోటికి చెప్పింది తీసుకోవద్దు, నేను చెప్పినా సరే.

లేత్_అనంతపురం
మైక్రోమీటర్ ఎండలో పెట్టొద్దు. మా పిల్లోడు మొన్న షాపు బయట కట్ట మీద పెట్టినాడు, గంట తర్వాత తీసుకుంటే వేలు కాలింది. దాంతో బుష్షు కొలిచి, తీసేయాల్సిన దానికంటే ఎక్కువ తీసినాడు.

కడప_నల్లబండ
కొలతలకు ప్రపంచమంతా ఒప్పుకున్న వేడి 20 డిగ్రీలు. మే నెలలో మన సీమలో 20 డిగ్రీలు ఫ్రిజ్‌లోనే ఉంటాది.

తాడిపత్రి_ఆరెక్స్
క్రాంక్ ఫ్రిజ్‌లో పెట్టి చూడన్నా. అమ్మ ఏమంటుందో కూడా ఇక్కడ రాయి.

గుత్తి_ఫిట్టర్
నవ్వులాట కాదు గానీ 20 లేకపోతే ఫరవాలేదు. పిన్నూ, రాడ్డూ, మైక్రోమీటరూ మూడూ రాత్రంతా ఒకే గదిలో పెట్టి తెల్లవారి కొలవండి. మూడూ ఉక్కే కాబట్టి మూడూ కలిసి పెరుగుతాయి, తేడా నిజంగానే వస్తుంది. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంటేనే గొడవ. 25 మి.మీ. ఉక్కు 15 డిగ్రీలు వేడెక్కితే నాలుగున్నర మైక్రాన్లు (మి.మీ.లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పెరుగుతుంది. మనం వెతికే సందులే పది ఇరవై మైక్రాన్లు.

కడప_నల్లబండ
నేను కొలతలన్నీ మా ఇంటి అరుగు మీద కడప బండ మీద పెట్టి తీసినా. నున్నగా అద్దం మాదిరి ఉంటాది, వీ బ్లాకులు బాగ కూర్చుంటాయి.

గుత్తి_ఫిట్టర్
అద్దంలో ముఖం కనిపించినంత మాత్రాన అది సమతలం కాదు నాయనా. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి కింద ఫీలర్ దూర్చి చూడండి.

కడప_నల్లబండ
చూసినా. 0.1 బ్లేడు దూరింది. ఇంక ఆ అరుగు మీద కొలవను. నా పేరు మార్చుకోవాల్నా ఇప్పుడు?

యెజ్డీ_ప్రొద్దుటూరు
మెయిన్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తా. కొత్త బేరింగు కొన్నప్పుడు చేత్తో ఊపి, లూజుగా ఉందని షాపులో తిరిగి ఇచ్చేయొద్దు. నేను ఇచ్చినా. షాపాయన నవ్వి, పెట్టె మీద సీ3 అని రాసింది చూపించినాడు. 25 మి.మీ. షాఫ్టుకు పట్టే బాల్ బేరింగులో మామూలు సందు 5 నుంచి 20 మైక్రాన్లు. సీ3 అయితే 13 నుంచి 28. కావాలనే లూజుగా చేసుంటారు. షాఫ్టు మీద బిగుతుగా ఎక్కించేసరికి లోపలి రింగు సాగుతాది, కొంత సందు అక్కడ పోతాది. ఇంజిన్ వేడికి ఇంకొంత. అవన్నీ పోయినా గోళీలు తిరగను సందు మిగలాల కదా.

నేనేం చేసినానంటే, మామూలు బేరింగు "గట్టిగా" ఉందని మురిసిపోయి ఎక్కించినా. చేత్తో తిప్పితే గరగర. మళ్లీ పీకి సీ3 వేసినా. కాబట్టి సందు చూడాల్సింది డబ్బాలోంచి తీసినప్పుడు కాదు, షాఫ్టూ కేసింగూ ఎక్కినాక.

హంద్రీ_ఒడ్డు
ఆదివారమంతా దీని మీదనే. గుత్తి సార్ చెప్పినట్టే డయల్ ఫ్లైవీలుకు పట్టించినా. మొదటి గంట ప్రతిసారీ వేరే అంకె. తర్వాత తెలిసింది, మ్యాగ్నెట్ స్టాండు కింద తుప్పు పొర. గీకి తుడిచినాక మూడుకు మూడూ ఒకటే.

నిలువుగా 0.09. అడ్డంగా 0.05. మాన్యువల్ చూస్తే నిలువుది దాటిపోయింది. అడ్డందానికీ దీనికీ ఇంత తేడా ఉంటే పిన్ను గుండ్రంగా లేదని తమ్ముడు చెప్పినాడు. లేత్ షాపులో ప్రెస్ మీద ఊడదీయించి మైక్రోమీటర్ పెడితే నిజమే, ఒక దిక్కు కంటే ఇంకో దిక్కు 0.03 తక్కువ. బుష్షు మీద గీతలు. వేలుగోరుకు తగులుతున్నాయి.

ఇద్దరు మేస్త్రీల్లో ఎవరు గెలిచినట్టు?

యెజ్డీ_ప్రొద్దుటూరు
రెండో ఆయన తప్పు దారిలో పోయి కరెక్ట్ ఊరు చేరినాడు.

లేత్_అనంతపురం
0.09 అంటే మూడున్నర థౌ. చేతికి తెలియాల్సిందే. మొదటాయన నూనెతో చూసుంటాడు. నేను రాసిన మాట వెనక్కి తీసుకుంటా, సగం.

ఎట్లా విప్పినావు కదా, రోలర్ కిట్టు వేసుకో తమ్ముడూ. బుష్షు ఎందుకు, ఆయిల్ ప్రెషర్ కాస్త తగ్గినా రోలర్ తట్టుకుంటాది. నా దగ్గరికొచ్చే వాళ్లలో సగం మంది అదే వేయించుకుంటారు.

కడప_నల్లబండ
బుష్షే వెయ్యి. మీ నాయన బండి ఇన్నేండ్లు దాని మీదే తిరిగింది. ఆయిల్ బాగుంటే బుష్షుకు చావు లేదు. నాది చచ్చింది కార్క్ వాషర్ వల్ల, బుష్షు వల్ల కాదు.

లేత్_అనంతపురం
రోలర్ అయితే ఆ వాషర్ మర్చిపోయినా అంత తొందరగా చావదు కదప్పా. నీ కథే నాకు సాక్ష్యం.

కడప_నల్లబండ
మర్చిపోయేవానికి రోలర్, గుర్తు పెట్టుకునేవానికి బుష్షు. పో.

గుత్తి_ఫిట్టర్
రెండూ నడుస్తాయి. బండి ఎట్ల పుట్టిందో అట్లే ఉంచాలనుకుంటే బుష్షు. ఏది వేసినా ఫ్లైవీలులో ఆయిల్ దారి పొడుచుకుని కడగండి. 11 ఏండ్ల మడ్డి అందులో గట్టిపడి ఉంటుంది.

మెయిన్లు చూసినారా? ముందే చెప్పినాను.

హంద్రీ_ఒడ్డు
లేదు సార్. కొత్త బేరింగులు కొనుక్కున్నా కదా, చూసేదేముందని.

హంద్రీ_ఒడ్డు
ఇప్పుడు చూసినా. సిగ్గుతో రాస్తున్నా.

పాత బేరింగులు పీకేదానికి మా అమ్మ దోసెల పెనం మీద కేసింగ్ పెట్టి వేడి చేద్దామని తమ్ముడు, నేను సిద్ధమైనాం. డ్రైవ్ సైడు (క్లచ్ వైపు) రెండూ గట్టిగా ఉన్నాయి, వేడెక్కినాక చెక్క మీద తట్టితే రాలినాయి. టైమింగ్ సైడుది పెనం దాకా పోలేదు. కేసింగ్ తిరగేసినా అంతే, బయటి రేసు (బేరింగు బయటి రింగు) జారి నా కాలి బొటనవేలి మీద పడింది. చల్లగా ఉండగానే.

అది కూర్చునే గుండి (గుంత) లోపల చూస్తే అల్యూమినియం తళతళ మెరుస్తోంది, స్టీలు గ్లాసు తోమినట్టు. రేసు వెనక కూడా అట్లే. రేసు కేసింగ్‌లో గిరగిర తిరిగినట్టుంది.

గుత్తి_ఫిట్టర్
మీ కాళ్లకు తెలిసిన గుర్రు అదే.

చల్లగా ఉంటే బాగుండి, వేడెక్కితే శబ్దం ఎందుకొచ్చిందో చూడండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు పెరుగుతుంది. 6305 సైజు, బయటి కొలత 62 మి.మీ. అనుకోండి. ఇంజిన్ 55 డిగ్రీలు వేడెక్కితే, రేసు పెరిగినదానికంటే గుండి 0.04 మి.మీ. దాకా ఎక్కువ విచ్చుకుంటుంది. చల్లగా గట్టిగా పట్టి ఉంటేనే వేడిలో కొంచెం పట్టు మిగులుతుంది. చల్లగానే జారిపోయేదానికి వేడిలో ఇంకేం పట్టు?

పెనం మీద బేరింగు రాలడానికి కారణమూ అదే లెక్క. ఆ పెనం కడిగి ఇచ్చేయండి.

లేత్_అనంతపురం
ఇది మాకు దినామూ వచ్చేదే. సెంటర్ పంచ్ పెట్టి గుండి లోపల చుట్టూ చుక్కలు కొట్టు. అల్యూమినియం ఉబ్బుతాది, రేసు గట్టిగా కూర్చుంటాది. ఖర్చు లేదు.

గుత్తి_ఫిట్టర్
వద్దు. చుక్కల మొనల మీద మాత్రమే రేసు ఆనుతుంది. నాలుగు నెలల్లో ఆ మొనలు అణిగిపోయి మళ్లీ అంతే. పైగా చుక్కలు ఒకవైపు ఎక్కువ లేస్తే రేసు ఓరగా కూర్చుంటుంది. షాఫ్టు ఒకవైపు లాగుతుంది, మీరు పెట్టుకున్న సీ3 సందు అక్కడే అయిపోతుంది.

లేత్_అనంతపురం
చుక్కలు కొట్టిన బండి ఒకటి మా వీధిలోనే ఎనిమిదేండ్ల నుంచి తిరుగుతాంది సార్. పాలు పోస్తాడు దాని మీద.

గుత్తి_ఫిట్టర్
పాలబండి రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

లేత్_అనంతపురం
ఆరు.

తాడిపత్రి_ఆరెక్స్
😂😂

యెజ్డీ_ప్రొద్దుటూరు
లాక్‌టైట్‌లో బేరింగులకే ఒక గమ్ము వస్తాది. సందు తక్కువైతే అది పట్టుకుంటాది. ఎంత లూజు ఉందో ముందు చూడు. బోర్ గేజీ పెట్టినావా?

హంద్రీ_ఒడ్డు
తమ్ముడు పెట్టినాడు. కొత్త రేసు కంటే గుండి 0.06 పెద్దగా ఉంది ఒక దిక్కు, 0.08 ఇంకో దిక్కు. గుండి కూడా కోడిగుడ్డు ఆకారమే.

యెజ్డీ_ప్రొద్దుటూరు
అయితే గమ్ము వద్దు. గమ్ము సందు నింపుతాది గానీ మధ్యకు తెచ్చి పెట్టదు. గుండి లోపల స్లీవు (కొత్త రింగు) వేయడమే గతి.

గుత్తి_ఫిట్టర్
స్లీవు వేయించేటప్పుడు రెండు కేసింగులూ బోల్టులతో కలిపి బిగించి, డ్రైవ్ సైడు గుండిని ఆధారం చేసుకుని, ఒకే వరుసలో టైమింగ్ సైడు బోర్ చేయాలి. ఒక్క కేసింగ్‌ను చక్‌లో పట్టి బోర్ చేస్తానని ఎవరన్నా అంటే అక్కడి నుంచి లేచి రండి. రెండు గుండీలూ ఒకే గీత మీద లేకపోతే ఎంత మంచి బేరింగైనా నెలల్లో పోతుంది.

లేత్_అనంతపురం
ఇది మాత్రం సార్ మాటే నా మాట. నా దగ్గర అంత పెద్ద పని పట్టే మిషన్ లేదు, ఉంటే నేనే చేసిచ్చుంటి. బోరింగ్ మిల్లు ఉన్న చోటికి పో. స్లీవు లోపల ఎంత టైటు పెట్టాల అని వాళ్లు నిన్నడుగుతారు, రేసు చేతిలో పెట్టి దీనికి తగ్గట్టు అను. అంకె నువ్వు చెప్పొద్దు, బేరింగు వాళ్లకే ఇచ్చి రా.

ఇంకోటి, పిన్ను వేసి క్రాంక్ కట్టినాక ట్రూ (వంకర లేకుండా సరి) చేయించు. రెండు సెంటర్ల మధ్య పెట్టి, రెండు వైపులా షాఫ్టుల మీద డయల్ పెట్టి తిప్పాల. ఫ్లైవీలు అంచున సూది పెట్టి చూసేవాళ్లుంటారు, అది కాదు. షాఫ్టు మీద. నేనైతే ఒక థౌ దాటితే రాగి సుత్తితో మళ్లీ కొడతా. ఆ సుత్తి దెబ్బ యాడ పడాలనేది మాత్రం చేతికే తెలుస్తాది, దానికి మీ గేజీ లేదు.

గుత్తి_ఫిట్టర్
అది ఒప్పుకుంటాను.

తాడిపత్రి_ఆరెక్స్
ఇద్దరూ ఒప్పుకున్నారు. ఈ రోజు తాడిపత్రిలో వాన పడతాది.

హంద్రీ_ఒడ్డు
నెల రోజులైంది, ఆలస్యానికి కారణం స్లీవు. కర్నూల్లో అడిగిన మొదటి చోట ఒక్క కేసింగ్ చక్‌లో పట్టబోయినాడు. సార్ మాట గుర్తొచ్చి కేసింగ్ చంకలో పెట్టుకుని లేచొచ్చినా. రెండో చోట రెండూ కలిపి బిగించి చేసినారు. ఇప్పుడు కేసింగ్ వేడి చేస్తేనే రేసు దిగుతుంది, చల్లారినాక సుత్తితో కొట్టినా కదలదు.

బిగ్ ఎండ్ బుష్షే వేసినా (నల్లబండ అన్న గెలిచినాడు). క్రాంక్ ట్రూయింగు లేత్ అన్న దగ్గరికే అనంతపురం తీసుకుపోయినా. రెండు గంటలు కొట్టినాడు, మధ్యలో ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తినిపించినాడు. టైమింగ్ సైడు 0.02, డ్రైవ్ సైడు 0.015.

కేసింగ్ మూసే ముందు ఆయిల్ క్యాన్ ముక్కు క్రాంక్ చివర పెట్టి పంపు కొడితే, బుష్షు రెండు పక్కల నుంచీ సన్నగా ఊరొచ్చింది ఆయిలు. తమ్ముడు, నేను దాన్నే చూస్తూ కూర్చున్నాం కొంతసేపు. కొత్త కార్క్ వాషర్ వేసినా, ఫోటో తీసి పెట్టుకున్నా, ఎవరన్నా అడిగితే చూపించను.

నిన్న ఓర్వకల్లు పోయొచ్చినా. వచ్చేటప్పుడు కాళ్లకు ఏం తెలీలేదు. ట్యాపెట్లు మాత్రం ఇంకా చిటపట అంటున్నాయి, అది ఇంకో పోస్టులో అడుగుతా.

ఆ ప్లాస్టిగేజ్ కవరు ఇంకా విప్పలేదు. ఎవరికన్నా కావాల్నా?

తాడిపత్రి_ఆరెక్స్
నాకు పెట్టన్నా. మా మామ అంబాసిడర్ ఇంజిన్ విప్పి వసారాలో పరిచినాడు.

గుత్తి_ఫిట్టర్
క్యాప్ బిగించినాక క్రాంక్ తిప్పొద్దని మీ మామకు చెప్పు.